జవాబు రచ్చబండ మీదే ఉండాలి

పైథాన్ భాషలో 0.1కి 0.2 కలపమని కంప్యూటర్‌ను అడిగి చూడండి. 0.3 అని రాదు, 0.30000000000000004 అని వస్తుంది. ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు ఏదో ఒకరోజు ఈ అంకెల వరుస చూసి కంగారు పడతారు. కారణం తేలికైనదే. మనం వాడే దశాంశ పద్ధతిలో మూడింట ఒక వంతును 0.333... అని ఎంత దూరం రాసుకుంటూ పోయినా పూర్తికాదు. అలాగే 0, 1 అనే రెండే అంకెలతో పనిచేసే కంప్యూటర్‌కు పదింట ఒక వంతు ఎప్పటికీ పూర్తికాదు. ఎక్కడో ఒకచోట తెంచి, దగ్గరి విలువతో సరిపెట్టుకోవాలి. చివర్లో కనిపించే ఆ 4 అలా సరిపెట్టుకున్నందుకు మిగిలిన గుర్తు.

కంప్యూటర్ లెక్కే చెడిపోయిందా అన్న అర్థం వచ్చేలా ఈ ప్రశ్నను 2009లో ఒకరు స్టాక్ ఓవర్‌ఫ్లో అనే వెబ్‌సైట్‌లో అడిగారు. జవాబులు వచ్చాయి. అడిగినవారి పని అప్పుడే అయిపోయి ఉంటుంది. ఆ పేజీ మాత్రం ఇప్పటికీ ఉంది. అదే సందేహంతో కొత్తగా వచ్చినవాళ్లను పాత సభ్యులు ఆ పేజీకే పంపుతుంటారు.

ప్రోగ్రామర్లు ఒకరికొకరు సాయం చేసుకునే చోట్లను పోల్చేటప్పుడు మనం సాధారణంగా రెండు కొలతలు వాడతాం. జవాబు ఎంత త్వరగా వస్తుంది? చెప్పేవాళ్లు ఎంత మర్యాదగా చెబుతారు? రెండూ అవసరమే. నా ఉద్దేశంలో వీటికన్నా ముఖ్యమైన మూడో కొలత ఒకటుంది. అడిగినవారు వెళ్లిపోయాక, అదే చిక్కులో పడ్డ తర్వాతి మనిషికి అక్కడ ఏం మిగిలి ఉంటుంది? ఈ కొలతతో చూస్తే, నాలుగు దశాబ్దాలకు పైగా కూడబెట్టిన ఉమ్మడి ఆస్తి ఒకటి మన కళ్ల ముందే తరిగిపోతోంది.

ప్రయోగశాలకూ ఇందులో వాటా ఉంది

ఇది సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల గొడవ, మనకెందుకు అనుకోనక్కర్లేదు. నేటి ప్రయోగశాలలో కోడ్ కూడా ఒక పరికరమే. 2019 ఏప్రిల్‌లో ప్రపంచం చూసిన తొలి కృష్ణబిలం చిత్రం వెనుక నమ్‌పై, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వంటి ఉచిత పైథాన్ సాధనాల పాత్ర ఉంది.

అదే ఏడాది రసాయనశాస్త్రంలో ఇంకో సంగతి బయటపడింది. అణువుల నిర్మాణాన్ని తేల్చడానికి ఉపయోగపడే ఎన్ఎంఆర్ లెక్కల కోసం 2014లో ప్రచురితమైన కొన్ని పైథాన్ స్క్రిప్టులు, ఒకే సమాచారానికి ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఒక్కో ఫలితం ఇస్తున్నాయని హవాయి విశ్వవిద్యాలయ పరిశోధకులు గుర్తించారు. తీరా చూస్తే కారణం చాలా చిన్నది. ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ల జాబితా తెచ్చిపెట్టే గ్లోబ్ అనే పైథాన్ ఆదేశం, వాటిని ఫలానా వరుసలోనే ఇస్తానని హామీ ఇవ్వదు. ఆ వరుస సిస్టమ్‌ను బట్టి మారుతుంది. స్క్రిప్టు మాత్రం వరుస ఎప్పుడూ ఒకటేనన్న నమ్మకంతో నడిచింది. దాంతో ఆ స్క్రిప్టులను వాడిన వందకు పైగా పరిశోధన పత్రాల ఫలితాలను మళ్లీ సరిచూసుకోవాలేమోనన్న సందేహం వచ్చింది.

గ్లోబ్ ఫైళ్లను ఏ వరుసలో ఇస్తుందన్న ప్రశ్న స్టాక్ ఓవర్‌ఫ్లోలో 2011లోనే ఉంది. వరుసను నమ్మవద్దు, కావాలంటే మీరే పేర్చుకోండి అన్న జవాబూ ఉంది. అంటే స్క్రిప్టులు రావడానికి మూడేళ్ల ముందే విరుగుడు అందరికీ కనిపించే చోట ఉంది. వెతికినవాళ్లకే అది దొరుకుతుందన్నది నిజమే. కానీ వెతికితే దొరికే చోట ఉండటమే సగం మేలు. అదే జవాబు ఒక ప్రైవేటు చాట్‌లో ఉండి ఉంటే, వెతికినా ఎవరికీ దొరికేది కాదు.

తలుపుల్లేని యూజ్‌నెట్

ఈ కథ వెబ్ కన్నా ముందే మొదలైంది. 1979లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ యూజ్‌నెట్‌కు రూపకల్పన చేశారు. మరుసటి ఏడాది అది బయటి ప్రపంచానికి తెలిసింది. ఒక సర్వర్‌లో రాసిన సందేశం మిగతా సర్వర్లకు నకళ్లుగా చేరేది. మొత్తానికి యజమాని అంటూ ఎవరూ లేరు. విషయానికో చర్చా సమూహం ఉండేది. 1991 ఆగస్టు 25న లైనస్ టోర్వాల్డ్స్ తాను ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నానని, సరదా కోసమేనని ప్రకటించింది అక్కడే. అదే తర్వాత లైనక్స్ అయింది.

అడిగిందే మళ్లీ మళ్లీ అడిగే బెడద అప్పుడూ ఉంది. దానికి విరుగుడుగా తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒక్కచోట చేర్చి, ఎప్పటికప్పుడు సరిదిద్దుతూ సమూహంలో పెట్టే అలవాటు బలపడింది. నేడు ప్రతి వెబ్‌సైట్‌లో కనిపించే ఎఫ్ఏక్యూ పేజీకి ప్రాచుర్యం వచ్చింది అలాగే. సి భాష నేర్చుకునేవాళ్ల కోసం స్టీవ్ సమిట్ కూర్చిన ఎఫ్ఏక్యూ పుస్తకంగా కూడా వచ్చింది. ప్రశ్నల వరదలోంచి జ్ఞానాన్ని వడగట్టడం అప్పుడు మనుషులు చేత్తో చేసిన పని.

తర్వాత చెత్త ప్రకటనలు పెరిగాయి, జనం వెబ్ వైపు తరలారు. యూజ్‌నెట్ సందేశాలను 1995 నుంచి భద్రపరిచిన డేజా న్యూస్ అనే సంస్థ భాండాగారాన్ని 2001లో గూగుల్ కొన్నది. 2024 ఫిబ్రవరిలో గూగుల్ గ్రూప్స్ కొత్త యూజ్‌నెట్ సందేశాలను తీసుకోవడం ఆపేసింది. పాతవి వెతుక్కునే వీలు మాత్రం ఉంచింది. యూజ్‌నెట్ నేర్పే పాఠం ఇదే. మాటలు అందరివీ అయినా, వాటిని దాచిన గది తాళంచెవి చివరికి ఎవరో ఒకరి చేతిలోకి వెళ్తుంది. ఆ చేయి ఎవరిదన్నది ముందే ఆలోచించుకోవాలి.

కఠినమైన లైబ్రేరియన్

2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రారంభించేనాటికి ఇలాంటి జవాబులను డబ్బు కట్టినవాళ్లకే చూపించే వెబ్‌సైట్లు ఉన్నాయి. వీళ్లు దానికి ఎదురుదారి పట్టారు. జవాబులు ఉచితం. మంచి జవాబుకు ఓట్లు పడి పైకి వస్తుంది. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు సరిదిద్దవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, రాసినదంతా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఉంటుంది. రాసినవారి పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు, మళ్లీ పంచవచ్చు. మొత్తం సమాచారాన్ని మూటగట్టి ఎప్పటికప్పుడు బయటికి ఇచ్చే ఆనవాయితీ కూడా మొదలైంది. 2 కోట్లకు పైగా ప్రశ్నలు అలా పోగయ్యాయి.

అక్కడ అత్యధిక ఓట్లు పొందిన ప్రశ్న 2012 నాటిది. అంకెల జాబితాను వరుసలో పేర్చి ఇస్తే, చిందరవందరగా ఇచ్చినప్పటికన్నా అదే కోడ్ చాలా వేగంగా ఎందుకు నడుస్తోంది అని ఒకరు అడిగారు. జవాబు చెప్పినవారు రైల్వే జంక్షన్ పోలిక తెచ్చారు. మీరు పాయింట్స్‌మన్ అనుకోండి. రైలు వస్తోంది, ఏ వైపు వెళ్లాలో మీకు తెలియదు. ఆపి అడిగితే ఆలస్యం. అందుకని ఊహించి ఒక పట్టా వైపు మళ్లిస్తారు. ఊహ నిజమైతే రైలు ఆగకుండా పోతుంది, తప్పితే వెనక్కి వచ్చి మళ్లీ వెళ్లాలి. రైళ్లు ఒక క్రమంలో వస్తుంటే మీ ఊహ తప్పదు. ప్రాసెసర్ కూడా 'అయితే ఇటు, కాకపోతే అటు' అనే ప్రతి మలుపు దగ్గరా ఇలాగే ముందుగా ఊహిస్తుంది. ఎవరికో ఒక రోజు వచ్చిన చిన్న అనుమానం ఇలా కంప్యూటర్ నిర్మాణశాస్త్రంలో చక్కటి పాఠమైంది. మంచి ప్రశ్న అందరి ముందూ పడితే జరిగేది ఇదే.

దీనికి కట్టిన మూల్యమూ ఉంది. స్టాక్ ఓవర్‌ఫ్లో స్వభావం కఠినమైన లైబ్రేరియన్‌ది. పుస్తకాలు క్రమంలో ఉంటాయి, కానీ గుమ్మంలోనే కసురు వినిపిస్తుంది. 'ఇది ఇదివరకే అడిగారు', 'ప్రశ్న స్పష్టంగా లేదు' అంటూ ప్రశ్నలు మూతపడతాయి. 15 పాయింట్లు వచ్చేదాకా మెచ్చి ఓటు వేయలేరు. 50 వచ్చేదాకా ఇతరుల పోస్టుల కింద వ్యాఖ్య రాయలేరు. ఇంగ్లీషు తడబడే విద్యార్థికి ఇది గోడలా కనిపిస్తుంది. మహిళలు అక్కడ పాల్గొనకుండా అడ్డుపడే 14 అంశాలను 2016లో ఒక పరిశోధక బృందం గుర్తించింది. తమ చోటు కొత్తవాళ్లను ఆదరించేలా లేదని 2018లో ఆ సంస్థే ఒప్పుకుంది.

ఓట్లు నిజానికి హామీ కూడా కావు. 2017లో వచ్చిన ఒక అధ్యయనం 13 లక్షల ఆండ్రాయిడ్ యాప్‌లను పరిశీలించింది. వాటిలో 15.4 శాతం యాప్‌లలో స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తెచ్చుకున్న భద్రతా సంబంధ కోడ్ ముక్కలు కనిపించాయి. ఆ యాప్‌లలో 97.9 శాతం వాటిలో కనీసం ఒక ముక్కైనా సురక్షితం కాదని తేలింది. కంగారు పెట్టే లెక్కే. అయితే ఈ లెక్క ఎలా సాధ్యమైందో కూడా చూడాలి. జవాబులన్నీ బహిరంగంగా ఉన్నాయి కనుకే పరిశోధకులు వాటిని యాప్‌లతో పోల్చి తప్పును పట్టుకోగలిగారు. మూసిన గదిలో చెప్పిన తప్పుడు సలహాను ఎవరు లెక్కపెడతారు?

వెచ్చగా ఉంటుంది, గుర్తుండదు

లైబ్రేరియన్ కసురుకుంటే జనం టీకొట్టు దగ్గరికి వెళ్తారు. రెడిట్ అలాంటి చోటు. ఏ భాష ముందు నేర్చుకోవాలి, ఇంటర్వ్యూకు ఎలా సిద్ధం కావాలి వంటి అభిప్రాయాల ప్రశ్నలను స్టాక్ ఓవర్‌ఫ్లో చాలాకాలం మూసేస్తూ వచ్చింది, రెడిట్ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. అక్కడి చర్చలు వెతికితే దొరుకుతాయి కూడా. కానీ తాళంచెవి సమస్య ఇక్కడా ఉంది. 2023 జూన్‌లో రెడిట్ ధరల విధానానికి నిరసనగా వేలాది సమూహాలు తమ తలుపులు మూసుకున్నాయి. ఆ రోజుల్లో పాత జవాబు కోసం వెతికినవాళ్లకు మూసిన తలుపే ఎదురైంది.

గిట్‌హబ్‌ది ఇంకో తీరు. అక్కడ ప్రశ్న, లోపం, దాని దిద్దుబాటు అన్నీ కోడ్ పక్కనే నమోదవుతాయి. ఫలానా మార్పు ఎందుకు చేశారో పదేళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు. శాస్త్ర పరిశోధనలో వాడే సాధనాలకు ఇంతకన్నా తగిన పద్ధతి నాకు కనిపించలేదు. కాకపోతే ఇది ఆ సాధనాన్ని ఇప్పటికే వాడుతున్నవాళ్ల చోటు. తొలి అడుగులు వేసేవాళ్లకు అంతగా పనికిరాదు.

డిస్కార్డ్ 2015లో వీడియో గేములు ఆడేవాళ్ల కోసం మొదలై, తర్వాత ఎన్నో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు సాయం కోరే కిటికీ అయింది. అడిగిన నిమిషంలో ఎవరో ఒకరు పలుకుతారు. కొత్తవాళ్లను చిన్నబుచ్చడమూ తక్కువే. కానీ ఆ సంభాషణ సెర్చ్ ఇంజిన్లకు అందదు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో సెక్షన్‌కు ఒకటి చొప్పున ఉండే వాట్సాప్ గ్రూపులదీ అదే దారి. "అన్నా, ఈ ఎర్రర్ ఏంటన్నా?" అని అడగడానికి అక్కడ ఎవరూ జంకరు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు కలిపి అడగవచ్చు. సీనియర్ ఓపిగ్గా చెబుతాడు. ఈ చనువును తక్కువ చేయను. చాలామంది పిల్లలు ప్రోగ్రామింగ్‌లో నిలదొక్కుకునేది దీని వల్లే. కానీ ఆ జవాబు ఆ ఫోన్లలోనే ఉండిపోతుంది. వచ్చే ఏడు కొత్త బ్యాచ్ వస్తుంది, అదే ఎర్రర్ వస్తుంది, అదే ప్రశ్న మొదటి నుంచి మొదలవుతుంది.

విత్తనపు గింజలు వండుకుంటే

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. ఓపికకు హద్దులేని ట్యూటర్ దొరికినట్టయింది. కసరదు, ఇదివరకే అడిగారనదు, తెలుగులో అడిగినా పలుకుతుంది. వారం తిరగకముందే దాని జవాబులను తమ వెబ్‌సైట్‌లో అతికించడాన్ని స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. చూడటానికి సరిగ్గానే ఉండి, లోపల తప్పులున్న జవాబులు గుట్టలుగా వచ్చి పడటమే కారణం. ఆ అనుమానానికి తర్వాత ఆధారాలూ దొరికాయి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్టాక్ ఓవర్‌ఫ్లో నుంచి తీసుకున్న 517 ప్రశ్నలను చాట్‌జీపీటీకి ఇచ్చి చూడగా, 52 శాతం జవాబుల్లో తప్పుడు సమాచారం కనిపించింది. ఆ అధ్యయనంలో పాల్గొన్నవాళ్లు 39 శాతం సందర్భాల్లో ఆ తప్పును గమనించలేదు. మోడళ్లు ఆనాటికన్నా మెరుగయ్యాయి. కాబట్టి ఆ శాతాన్నే పట్టుకుని నేడు వాదించడం సరికాదు. నన్ను కలవరపెట్టేది తప్పుల శాతం కన్నా, ప్రశ్నలు తరలిపోతున్న దిశ.

2024లో పీఎన్ఏఎస్ నెక్సస్ పత్రికలో వచ్చిన అధ్యయనం ఆ దిశనే కొలిచింది. చాట్‌జీపీటీ అంతగా అందుబాటులో లేని రష్యన్, చైనీస్ వేదికలతోనూ, అప్పట్లో దానికి కొరుకుడుపడని గణిత వేదికలతోనూ పోల్చి చూస్తే, ఆరు నెలల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో కార్యకలాపాలు దాదాపు 25 శాతం తగ్గాయి. తగ్గినవి పనికిమాలిన ప్రశ్నలేలే అని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. పోస్టుల నాణ్యతలో చెప్పుకోదగ్గ మార్పు లేదు. కొత్తవాళ్లూ అనుభవజ్ఞులూ ఇంచుమించు ఒకేలా తగ్గారు. అంటే మంచి ప్రశ్నలు కూడా చాట్‌బాట్ కిటికీలోకి వెళ్లి, అక్కడే ఆగిపోతున్నాయి.

విచిత్రం ఏమిటంటే, చాట్‌బాట్ ఈ విద్య నేర్చుకున్నది మనుషులు ఇలా బహిరంగంగా రాసిపెట్టిన జవాబుల నుంచి కూడా. 2024 మేలో స్టాక్ ఓవర్‌ఫ్లో ఓపెన్‌ఏఐతో ఒప్పందం ప్రకటించినప్పుడు, కొందరు సభ్యులు కోపంతో తమ పాత జవాబులను చెరిపేయబోయారు. సంస్థ ఆ మార్పులను వెనక్కి తిప్పి, వాళ్ల ఖాతాలను కొంతకాలం నిలిపేసింది. జనం ఉచితంగా రాసినదాన్ని సంస్థ అమ్ముకుంటుంటే కోపం రావడం సహజం. కానీ చెరిపేస్తే నష్టపోయేది కంపెనీ కన్నా ముందు రేపటి విద్యార్థి. ఆ కోపానికి సరైన గురి జవాబు మీద కాదు, దాని మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్న మీద ఉండాలి.

రేపు కొత్త భాష వస్తుంది, పాత సాధనాలకు కొత్త వెర్షన్లు వస్తాయి. వాటి చిక్కుల గురించి మనుషులు బయట రాయకపోతే చాట్‌బాట్‌కు మాత్రం ఎక్కడి నుంచి తెలుస్తుంది? మోడళ్లు తయారుచేసిన రాతలనే మళ్లీ మళ్లీ మోడళ్లకు నేర్పుతూ పోతే వాటి నాణ్యత క్షీణిస్తుందని 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన చూపింది. విత్తనాలకు దాచిన గింజలు వండుకుంటే ఈ పూట కడుపు నిండుతుంది. వచ్చే కారుకు పొలంలో చల్లడానికి ఏమీ ఉండదు.

తెలుగులో అడిగితే తప్పా?

స్టాక్ ఓవర్‌ఫ్లోకు పోర్చుగీసు, స్పానిష్, రష్యన్, జపనీస్ భాషల్లో విడి వెబ్‌సైట్లు ఉన్నాయి. ఒక్క భారతీయ భాషలోనూ లేదు. మన ప్రోగ్రామర్లకు ఇంగ్లీషు వచ్చు కదా అనే సమాధానం వింటుంటాం. కోడ్ చదవగలిగే ఇంగ్లీషు వేరు, అపరిచితుల ముందు తన అయోమయాన్ని స్పష్టంగా చెప్పుకోగలిగే ఇంగ్లీషు వేరు. మొదటిది ఉండి రెండోది లేని విద్యార్థులు మన జిల్లాల్లో కోకొల్లలు. వాళ్లు వాట్సాప్‌కో చాట్‌బాట్‌కో వెళ్లడంలో ఆశ్చర్యం లేదు.

దారి లేకపోలేదు. ఐఐటీ బాంబే నడిపే స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ పాఠాలు తెలుగుతో సహా అనేక భారతీయ భాషల్లో వినవచ్చు. పాఠంలో ఏ నిమిషం, ఏ సెకను దగ్గర అర్థం కాలేదో గుర్తుపెట్టి అడగడానికి అక్కడ బహిరంగ వేదిక ఉంది. సందేహం ఎక్కడ పుట్టిందో అక్కడే జవాబు అతుక్కుని ఉంటుంది. చాలా తెలివైన ఏర్పాటు ఇది. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు సందేహాలు అడిగి తేల్చుకునే పేజీకి 'రచ్చబండ' అని పేరు. ఊరి చెట్టు కింద అందరూ వింటుండగా మాట్లాడే ఆ అరుగు పేరును డిజిటల్ చోటుకు పెట్టుకున్నవాళ్లు విషయం సరిగ్గా పట్టుకున్నారు. అక్కడ అడిగిన ప్రశ్న, చెప్పిన జవాబు ఏళ్ల తర్వాత కూడా చదువుకోవచ్చు.

గదిలో అడగండి, బయట రాయండి

ప్రతి ప్రశ్నా పదిమంది ముందే అడగాలని నేను అనను. సిగ్గు నిజం, భయం నిజం. తప్పు చేసే స్వేచ్ఛ ఉన్న మూసిన గది కొత్తవాళ్లకు కావాలి. చాట్‌బాట్ ఆ గదే అనుకుందాం. నేను కోరేది రెండో అడుగు. చిక్కు విడిపోయాక ఆ ప్రశ్ననూ పనిచేసిన జవాబునూ అయిదారు వాక్యాల్లో బహిరంగ చోట రాయండి. స్టాక్ ఓవర్‌ఫ్లోలో తన ప్రశ్నకు తానే జవాబు రాయడం నిబంధనలు ఒప్పుకున్న పనే. పేరు చెప్పుకోవడం ఇష్టం లేకపోతే మారుపేరు చాలు. కంపెనీ రహస్యాలు తీసేసి, ఎర్రర్ వచ్చే చిన్న ఉదాహరణ ఒకటి పెడితే చాలు. చాట్‌బాట్ చెప్పినదాన్ని అలాగే అతికించవద్దు. మీ కంప్యూటర్‌లో నడిపి చూసి, మీ మాటల్లో రాయండి.

అధ్యాపకులు చేయగలిగింది ఇంకా ఎక్కువ. ల్యాబ్ రికార్డులో ప్రోగ్రాము, దాని అవుట్‌పుట్ రాయిస్తున్నాం. వాటి పక్కన 'ఈ సెమిస్టరులో నాకొచ్చిన ఒక చిక్కు, విడిపోయిన తీరు' అనే పేజీని కూడా రాయించి మార్కులు వేయవచ్చు. తెలుగులో రాసినా సరేననాలి. అరవై మంది విద్యార్థులు రాస్తే అరవై చిక్కుల ముడులు విడతాయి. వాటిని కాలేజీ గిట్‌హబ్ పేజీలో పెడితే వచ్చే బ్యాచ్ అక్కడి నుంచి మొదలవుతుంది.

ప్రజల డబ్బుతో నడిచే పరిశోధన సంస్థలకు నా కోరిక ఇంకొంచెం గట్టిది. మీరు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కు సాయం అడిగే చోటు బహిరంగంగా, వెతికితే దొరికేలా ఉండాలి. అక్కడ పోగైనదాన్ని కాపీ చేసి మరోచోట దాచుకునే హక్కు అందరికీ ఉండాలి. తాళంచెవి ఒక్కరి చేతిలో పెడితే ఏమవుతుందో యూజ్‌నెట్, రెడిట్ ఇప్పటికే చూపించాయి.

సైన్సు ముందుకు నడిచింది జవాబులు తెలిసినవాళ్లు ఉన్నందుకు మాత్రమే కాదు, తెలుసుకున్నదాన్ని పదిమందీ పరీక్షించే చోట పెట్టినందుకు. ఈ వారం మీరు పరిష్కరించిన ఎర్రర్ ఒకటి తప్పకుండా ఉండే ఉంటుంది. దాన్ని చాట్ కిటికీలోంచి తీసి రచ్చబండ మీద పెట్టండి. రేపు అర్ధరాత్రి అదే ఎర్రర్‌తో కుస్తీ పడే విద్యార్థి మీకు ఎప్పటికీ పరిచయం కాకపోవచ్చు. మీ జవాబు మాత్రం అతనికి దొరుకుతుంది.